సంకల్పం సంక్రాంతి దాటాలంటే... డోర్నకల్ బిషప్ అజరయ్య నేర్పిన పాఠం

డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో మన చర్చిలన్నీ కిటకిటలాడుతాయి. ఉప్పుగూడలోనూ అంతే, ఊరంతా అంతే. కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డు చేతికి అందుతుంది. దాన్ని బైబిల్లో భద్రంగా పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎవరికి వారు ఒక తీర్మానం చేసుకుంటారు. ఈ ఏడు బైబిలు మొత్తం చదవాలి, తాగుడు మానాలి, గిరిగిరి వడ్డీల అప్పు తీర్చాలి, ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేయాలి, పోటీ పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకోవాలి... అన్నీ మంచి తీర్మానాలే. కానీ పాతబస్తీ మిద్దెల మీద సంక్రాంతి పతంగులు ఎగిరే నాటికి చాలా తీర్మానాలు మాంజా తెగిన పతంగుల్లా ఎటో కొట్టుకుపోతాయి. ఆదికాండంతో మొదలైన బైబిలు పఠనం నిర్గమకాండం దాటదు. మానేసిన సీసా మళ్లీ ఇంటికొస్తుంది.

తీర్మానం తెగిపోవడం చిన్న విషయమని మేము అనుకోవడం లేదు. ప్రార్థన కోసం మా వద్దకు వచ్చే యువతీయువకుల్లో చాలామందిని బాధించేది ఓటమి ఒక్కటే కాదు, తమ మీద తమకే నమ్మకం పోవడం. నాలుగైదు సార్లు మాట తప్పిన మనిషి ఇక తాను ఏదీ సాధించలేనని తీర్మానించుకుంటాడు. అన్ని తీర్మానాల్లోకీ ప్రమాదకరమైనది అదే! అది మాత్రం సంక్రాంతికి తెగిపోదు, జీవితాంతం వెంటాడుతుంది.

మరి సంకల్పం సాధనగా ఎలా మారుతుంది? దీనికి జవాబు వెతుక్కుంటూ విదేశాల్లో అచ్చయిన వ్యక్తిత్వ వికాస పుస్తకాల దాకా వెళ్లనక్కర లేదు. మన తెలుగు నేల మీదే, ఒకప్పటి నిజాం రాజ్యంలో, ఒక దైవజనుడు ముప్పై ఐదేళ్ల పాటు అలా జీవించి చూపించారు. ఆయనే డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఉప్పుగూడ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, కాజీపేట మీదుగా విజయవాడ వెళ్లే రైలు పట్టుకుంటే దారిలో వచ్చే జంక్షనే డోర్నకల్. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఆ ఊరి పేరు ప్రపంచ క్రైస్తవ చరిత్రలోకి ఎక్కడానికి కారణం ఆయనే.

పేరులోనే సంకల్పం

అజరయ్య తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళనాడు దక్షిణ కొసన, తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే చిన్న పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లెలో సంఘ కాపరి. తల్లి ఎలెన్ ప్రార్థనాపరురాలు. అజర్యా అన్న పేరు బైబిలు చదివేవారికి కొత్త కాదు. దానియేలుతో పాటు బబులోనుకు చెరగా వెళ్లిన ముగ్గురు యువకుల్లో ఒకరి అసలు పేరు అజర్యా. బబులోను వారు ఆ పేరు మార్చి అబేద్నెగో అన్నారు. యెహోవా సహాయం చేశాడన్నది అజర్యా అనే మాటకు అర్థం. రాజు భోజనంతో తమను అపవిత్రపరచుకోకూడదని దానియేలు తన హృదయంలో నిశ్చయించుకున్నట్టు దానియేలు గ్రంథం మొదటి అధ్యాయంలో చదువుతాం. ఆ నలుగురూ దాన్ని అధికారితో మాట్లాడి, పది దినాల గడువు పెట్టుకుని, ఫలితం పరీక్షించుకునే పద్ధతిలో అమలు చేశారు. నిశ్చయం, గడువు, పరీక్ష అనే మూడూ అక్కడే ఉన్నాయి. మన అజరయ్య గారి జీవితంలోనూ ఈ మూడూ మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

చేజారిన డిగ్రీ

అజరయ్య మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. బి.ఎ. చివరి పరీక్ష సమయంలో జబ్బు చేసింది. డిగ్రీ చేతికి రాలేదు. ఆ రోజుల్లో బి.ఎ. అంటే సర్కారు కొలువు, పరువు, మంచి సంబంధం! పల్లెటూరి పాస్టరు కొడుక్కి అది ఎంత పెద్ద దెబ్బో ఊహించుకోవచ్చు. కానీ ఆయన ఆ నష్టాన్ని పట్టుకుని కూర్చోలేదు. తనకు కావలసింది పట్టా కాదు పరిచర్య అని తేల్చుకుని, 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరారు. 1909 దాకా దక్షిణ భారతమంతా తిరిగి యువకుల మధ్య పనిచేశారు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. బి.ఎ. పట్టా లేని మనిషికి కేంబ్రిడ్జి డాక్టరేటు!

డిగ్రీ అవసరం లేదని చెప్పడం మా ఉద్దేశం కాదు. చదువుకునే అవకాశం ఉన్నవారు తప్పక చదవాలి. మేము చెప్పేదల్లా ఒక్కటే. లక్ష్యం వేరు, లక్ష్యానికి చేర్చే దారి వేరు. ఒక దారి మూసుకుపోతే లక్ష్యమే పోయిందనుకునేవారు అక్కడే ఆగిపోతారు. పరీక్ష తప్పిన ప్రతి బిడ్డా, ఆ బిడ్డను సూటిపోటి మాటలతో గుచ్చే ప్రతి తల్లిదండ్రీ ఈ తేడా తెలుసుకోవాలి. అసలు ఈ పరీక్ష ఎందుకోసం రాశాం అన్న ప్రశ్నకు జవాబు స్పష్టంగా ఉంటే రెండో దారి దానంతటదే కనిపిస్తుంది.

1898లో అన్బు మరియమ్మాళ్‌తో అజరయ్య వివాహం జరిగింది. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కాలేజీ మెట్లెక్కిన తొలి తరం వారిలో ఆమె ఒకరు. కట్నం లేకుండా, ఆడంబరం లేకుండా పెళ్లి చేసుకున్నారు. తరువాతి కాలంలో డోర్నకల్ పల్లెల్లో స్త్రీల మధ్య జరిగిన పనికి ఆమే ఆధారం. అప్పు చేసి ఆర్భాటంగా పెళ్లి చేసుకుని, మొదటి పదేళ్లూ ఆ అప్పు తీర్చడంతోనే గడిపే మన కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. లక్ష్యం ఉన్నవాడు ముందుగా కాలికి గుదిబండ తగిలించుకోడు.

చూసి వదిలేయలేదు, లెక్క వేసుకున్నారు

1902లో అజరయ్య శ్రీలంకలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ సంఘాలు చిన్నవే అయినా తమ సొంత ఖర్చుతో బయటి ప్రాంతాలకు సేవకులను పంపుతున్నాయి. ఆయన పుట్టిన తిరునల్వేలి సంఘమేమో పెద్దది, పాతది. అయినా అలా సొంతంగా ఇతర ప్రాంతాలకు సేవకులను పంపడం లేదు. ఈ తేడా ఆయన్ను కుదిపేసింది. మనమైతే ఇలాంటప్పుడు ఒక మంచి ప్రసంగం చేసి ఊరుకుంటాం. ఆయన ఇంటికొచ్చి పెద్దలను కలిశారు, మాట్లాడారు, ఒప్పించారు. కొన్ని నెలలు తిరగకుండానే, 1903 ఫిబ్రవరి 12న, తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, నిర్వహణ మనదే అన్నది దాని నియమం. ఎక్కడికి వెళ్లాలో కూడా గాలికి వదల్లేదు. సువార్త అందని చోటు కోసం వెతికి, నిజాం రాజ్యంలోని మానుకోట, డోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకున్నారు.

ఇక్కడ మనం నేర్చుకోవలసింది ఉంది. దేశాన్ని మారుస్తాం, ప్రపంచాన్ని గెలుస్తాం అన్నది లక్ష్యం కాదు, కోరిక. ఫలానా చోట, ఫలానా పని, ఫలానా మనిషి, ఫలానా ఖర్చు అని చెప్పగలిగినప్పుడే అది లక్ష్యం. గోపురం కట్టగోరినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగిన సంగతి లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. ప్రార్థన చేయడమే కాదు, కూర్చుని లెక్క చూసుకోవడమూ విశ్వాసంలో భాగమే. 1905 డిసెంబరు 25న, విలియం కేరీ పనిచేసిన సెరంపూరులో, నేషనల్ మిషనరీ సొసైటీ ప్రారంభమైనప్పుడు దాని వెనుక నిలిచిన ముఖ్యుల్లో అజరయ్య ఒకరు. దానికీ అదే నియమం, అదే లెక్క.

ముప్పై ఐదేళ్ల వయసులో అ ఆ లు

పంపిన వాళ్లు పంపుతూనే ఉంటారు, వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉంటారు. సాధారణంగా లోకంలో జరిగేది ఇదే. కానీ ఇతరులను పంపే తాను ఎందుకు వెళ్లకూడదన్న ప్రశ్న అజరయ్యను నిద్రపోనివ్వలేదు. వై.ఎం.సి.ఎ.లో మంచి పేరు ఉంది, 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి సభ దాకా వెళ్లివచ్చిన గుర్తింపు ఉంది. అవన్నీ వదిలేసి 1909లో గురుత్వం పొంది, కుటుంబంతో సహా డోర్నకల్ చేరారు. సింగరేణి బొగ్గు కోసం వేసిన రైలు మార్గం తప్ప అప్పట్లో అక్కడ చెప్పుకోదగినది ఏమీ లేదు.

అక్కడ ఆయనకు ఎదురైన మొదటి గోడ భాష. మాతృభాష తమిళం, చదువు ఇంగ్లిషు. ఊళ్లో మాట్లాడేది తెలుగు. ముప్పై ఐదేళ్ల వయసులో, దేశదేశాల్లో ప్రసంగించిన మనిషి మళ్లీ పలక పట్టిన పిల్లవాడయ్యారు. దుబాసీని పెట్టుకుని కాలం గడపవచ్చు. కానీ ఆయన అలా గడపలేదు. తెలుగు నేర్చుకుని, తెలుగులో ఆరాధన నడిపి, తెలుగులో బోధించి, తెలుగు పల్లెల మనిషే అయిపోయారు.

ఈ వయసులో ఇంకేం నేర్చుకుంటాం అనే మాట మేము వారానికి ఒకసారైనా వింటాం. కంప్యూటర్ నేర్చుకోమంటే నలభై ఏళ్లాయన అంటాడు. చదవడం నేర్చుకోమంటే బైబిలు చదవాలని ఆశ ఉన్న అమ్మ అంటుంది. నేర్చుకోవడానికి అడ్డం వచ్చేది చాలాసార్లు వయసు కాదు, సిగ్గు. చిన్నవాళ్ల ముందు తప్పుగా పలకాల్సి వస్తుందన్న సిగ్గు. దాన్ని పక్కన పెట్టగలిగితే రోజుకు అరగంట చాలు. ఏడాది తిరిగేసరికి చేతిలో ఒక కొత్త విద్య ఉంటుంది.

పదవి వచ్చింది, పరీక్ష మొదలైంది

1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య లేచి, విదేశీ మిషనరీల త్యాగాన్ని గౌరవిస్తూనే, భారతీయులకు వారి నుంచి కావలసింది పెత్తనంతో కూడిన దయ కాదనీ, సమానులుగా చూసే స్నేహమనీ నిర్భయంగా చెప్పారు. తెల్లదొరల పాలన నడుస్తున్న రోజులవి. సభలో కలకలం రేగింది. కొందరు నొచ్చుకున్నారు, కొందరు ఆలోచనలో పడ్డారు.

రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్ కేథడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. అప్పటికి వయసు 38. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఈ నియామకం కోసం గట్టిగా నిలబడ్డారు. వ్యతిరేకించినవారూ తక్కువేం కాదు. ఒక భారతీయుడి కింద ఇంగ్లిషు మిషనరీలు ఎలా పనిచేస్తారన్నది కొందరి ప్రశ్న. స్వదేశీ క్రైస్తవుల్లోనూ కొందరు ఒప్పుకోలేదు.

ఇక్కడ పణంగా ఉన్నది ఆయన ఒక్కరి పేరు కాదు. అజరయ్య విఫలమైతే, భారతీయులకు ఇలాంటి బాధ్యతలు అప్పగించకూడదని చెప్పడానికి ఒక ఉదాహరణ దొరుకుతుంది. తరువాత వచ్చే తరాలకు తలుపు మూసుకుపోతుంది. ఇంత బరువు భుజాల మీద ఉన్నవాడు ఏం చేయాలి? విమర్శకులకు జవాబులు రాస్తూ కూర్చోవాలా? ఆయన ఎడ్లబండి ఎక్కారు. సైకిలు తొక్కారు. భార్య అన్బుతో కలిసి పల్లె పల్లె తిరిగారు. చెట్ల కింద కూర్చుని, చదువురాని కూలీలతో మాట్లాడి, వారి బాప్తిస్మపు పరీక్ష తానే తీసుకున్నారు. నెహెమ్యాను గోడ మీద నుంచి కిందికి దిగి రమ్మని సన్బల్లటు, గెషెము కబురు మీద కబురు పంపితే, పని ఆపి రాలేనని ఆయన తేల్చి చెప్పాడు. గోడ 52 దినాల్లో పూర్తయింది. విమర్శకు పనే జవాబు అని నెహెమ్యాకూ తెలుసు, అజరయ్యకూ తెలుసు.

నాలుగు దయ్యాలు, పిడికెడు బియ్యం

డోర్నకల్ పల్లెల్లో సువార్త విన్నవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. దొరల పొలాల్లో వెట్టి, ఊరి బయట గుడిసెలు, తరతరాల అప్పు. వారికి పరలోకం గురించి చెప్పి ఊరుకుంటే సరిపోదని అజరయ్యకు అర్థమైంది. నాలుగు దయ్యాలను వెళ్లగొట్టాలని ఆయన లక్ష్యం పెట్టుకున్నారు. మురికి, రోగం, అప్పు, మద్యం! జీవితం బాగుపడాలి అని గాల్లో మాట్లాడకుండా శత్రువుకు పేరు పెట్టారు చూడండి. పేరు పెట్టిన శత్రువుతోనే పోరాడగలం. ఇల్లు శుభ్రంగా ఉందా లేదా, ఒంటికి వైద్యం అందిందా లేదా, అప్పు తగ్గిందా పెరిగిందా, ఈ వారం తాగామా లేదా... ఈ నాలుగింటికీ అవునో కాదో జవాబు చెప్పవచ్చు. నూరేళ్లు గడిచాయి. ఉప్పుగూడ ఇరుకు గల్లీల్లోనూ కుటుంబాలను పట్టి పీడిస్తున్నవి ఈ నాలుగే. సెల్‌ఫోన్ వ్యసనాన్ని ఐదోదిగా చేర్చుకోవచ్చు!

మార్పు ఒక్క రాత్రిలో రాదని ఆయనకు తెలుసు. అందుకే గ్రామ గ్రామాన ఉపాధ్యాయులను నిలబెట్టారు. పగలంతా కూలి పని చేసి వచ్చినవారికి ఆ ఉపాధ్యాయుడే రాత్రిపూట ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, బైబిలు కథలు ముక్క ముక్కగా, పాటలుగా నేర్పేవాడు. అక్షరం రాని మనిషి నెలల తరబడి రోజుకు కాస్త నేర్చుకుంటూ పోతే, బాప్తిస్మం నాటికి విశ్వాసపు సారమంతా కంఠతా వచ్చేది. ఒక్క రోజులో పది అధ్యాయాలు చదివి వారం రోజులు పుస్తకం మూసేసే మన పద్ధతికీ, దీనికీ ఎంత తేడా! చిన్న పని, ప్రతిరోజూ, ఒకే వేళకు. అలవాటు తయారయ్యేది ఇలాగే.

ఇవ్వడం విషయంలోనూ అజరయ్య గట్టిగా ఉండేవారు. పేదవాడు పుచ్చుకోవడానికే పుట్టాడన్న ఆలోచన ఆయనకు నచ్చేది కాదు. క్రైస్తవుడు ఎలా ఇవ్వాలన్న అంశం మీద ఆయన ఒక పుస్తకమే రాశారు. మన పల్లె సంఘాల్లో తల్లులు వంటకు ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వేసే ఆచారం ఉంది. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. ఆ పిడికెడుతో ఇల్లు గడవడం ఆగదు. కానీ పూటపూటకూ చేరితే ఆ గింజలే సంఘానికి ఆధారమవుతాయి. తిన్నాక మిగిలితే ఇద్దాం అనుకుంటే ఏనాడూ మిగలదు. పొదుపుకైనా, చదువుకైనా, ప్రార్థనకైనా ఇదే సూత్రం. ముందు తీసి పక్కన పెట్టాలి. మిగిలిన డబ్బుతో పొదుపు చేద్దామనుకునేవాడికి డబ్బు మిగలదు, మిగిలిన సమయంలో ప్రార్థన చేద్దామనుకునేవాడికి సమయం మిగలదు.

ఒంటరిగా పరుగెత్తలేదు

బాప్తిస్మం ఇచ్చేటప్పుడు అజరయ్య ఒక పని చేయించేవారు. కొత్త విశ్వాసి తన చేయి తన తల మీద పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన భావాన్ని తన నోటితో పలకాలి. ఏటా ఒక వారం సాక్ష్య వారంగా పెట్టి, సంఘమంతా చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లేలా చేశారు. తాను తెలుసుకున్నది ఇంకొకరికి చెప్పడం మొదటి రోజు నుంచే బాధ్యత. దీనివల్ల ఇంకో మేలు జరుగుతుంది. నలుగురికీ చెప్పినవాడు తాను తప్పుకోవడం కష్టం! మనసులో దాచుకున్న తీర్మానాన్ని ఎవరికీ తెలియకుండా చంపేయవచ్చు. భార్యకో, స్నేహితుడికో, సంఘ పెద్దకో చెప్పిన తీర్మానం గురించి అడిగేవారుంటారు.

గురువుల శిక్షణలో కూడా డోర్నకల్‌లో భర్తలకు బోధిస్తూ భార్యలను వదిలేయలేదు. ఇద్దరికీ శిక్షణ ఉండేది. ఇంట్లో ఒకరు ఎక్కే కొండను మరొకరు తవ్వేస్తుంటే ఏ లక్ష్యం నెరవేరుతుంది? అప్పు తీర్చాలన్న సంకల్పం భర్తకు మాత్రమే ఉండి ఇంటిల్లిపాదికీ తెలియకపోతే ఆ అప్పు తీరదు. లక్ష్యం ఇంటిది కావాలి.

1912లో మొదలైనప్పుడు డోర్నకల్ అధ్యక్ష ఖండం చాలా చిన్నది. 1920ల తొలినాళ్లలో కృష్ణా ప్రాంతం కలిసి అది విస్తరించింది. ఆయన చివరి రోజుల నాటికి అందులోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. తొలి భారతీయ బిషప్ నెగ్గుకు రాగలడా అని సందేహించినవారికి ఇంతకన్నా వేరే జవాబు అవసరం లేకపోయింది. 1929 నుంచి తుది శ్వాస వరకు భారత జాతీయ క్రైస్తవ సమితి అధ్యక్షుడిగానూ ఆయన బాధ్యత వహించారు.

పాతికేళ్ల కట్టడం

డోర్నకల్ వెళ్లినవారు అక్కడి ఎపిఫనీ కేథడ్రల్‌ను తప్పక చూస్తారు. గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాలు దేవాలయ మండపాన్ని గుర్తు చేస్తాయి, మధ్యలో సిలువ ఉంటుంది. ఈ నేల మీది శిల్ప సంపద అంతా క్రీస్తు పాదాల చెంత చేరాలన్నది అజరయ్య ఆశ. ఆ కట్టడం పూర్తి కావడానికి ఇంచుమించు పాతికేళ్లు పట్టింది. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, డబ్బుకు కటకట వచ్చింది, పని ఆగింది, మళ్లీ సాగింది. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ రోజున, ప్రతిష్ఠ జరిగింది. మొదలుపెట్టినప్పుడు నడివయసులో ఉన్న బిషప్ అప్పటికి 64 ఏళ్ల వృద్ధుడు.

పని ఆగిపోవడం వేరు, పని మానేయడం వేరు. ఈ తేడా తెలియకే మనలో చాలామంది ఓడిపోతున్నాం. జనవరి పదో తేదీన బైబిలు పఠనం ఒక రోజు తప్పితే, ఇక ఈ ఏడాదికి అయిపోయింది, వచ్చే ఏడాది చూద్దాం అంటాం. ఎందుకు? పదకొండో తేదీ ఉంది కదా! డబ్బు లేక గోడ దగ్గర ఆగిన కేథడ్రల్, డబ్బు రాగానే అదే గోడ దగ్గర మొదలవుతుంది. ఎవరూ పునాది తవ్వి మళ్లీ వేయరు. తప్పిన చోటే అందుకోవడం నేర్చుకున్నవాడికి ఏడాదిలో ప్రతి రోజూ జనవరి ఒకటే.

కళ్లతో చూడని లక్ష్యం

అజరయ్య పెట్టుకున్న లక్ష్యాల్లో పెద్దది ఒకటి మిగిలింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ అంటూ పరాయి దేశాల్లో పుట్టిన చీలికలు మన పల్లె విశ్వాసులకెందుకు? అందరూ ఒకే సంఘం కావాలి. 1919 మే నెలలో తరంగంబాడిలో జరిగిన సమావేశంలో ఆయన, ఇతర దైవజనులతో కలిసి, ఈ ఐక్యతకు పిలుపునిచ్చారు. అప్పటి నుంచి ఏళ్ల తరబడి చర్చలు, అభ్యంతరాలు, మళ్లీ చర్చలు. 25 ఏళ్లు ఓపిక పట్టారు. 1945 జనవరి 1న, లోకమంతా కొత్త సంవత్సరపు తీర్మానాలు చేసుకుంటున్న రోజున, డోర్నకల్‌లో ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే మనమంతా ఎరిగిన సి.ఎస్.ఐ., ఆవిర్భవించింది. ఆ దినం ఆయన చూడలేదు.

మరి అది ఓటమా? దేవాలయం కట్టాలన్నది దావీదు కోరిక. కట్టింది సొలొమోను. కానీ బంగారం, వెండి, దేవదారు మ్రానులు, నమూనా... అన్నీ సిద్ధం చేసి పెట్టింది దావీదే. నేనే చూడాలి, నా పేరే ఉండాలి అన్నది స్వార్థం. పని జరగాలి అన్నది లక్ష్యం. వ్యక్తిత్వ వికాస బోధలు చాలావరకు మనిషిని తన చుట్టూ తననే తిప్పుతాయి. నా విజయం, నా ఆదాయం, నా ఎదుగుదల అంటాయి. విశ్వాసి అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. నా లక్ష్యం నెరవేరితే నేను కాక ఇంకెవరు బాగుపడతారు? ఈ ప్రశ్నకు జవాబు ఉన్న లక్ష్యమే కష్టకాలంలో మనల్ని నిలబెడుతుంది. తన కోసం చదివేవాడు అలసిపోతే పుస్తకం మూసేస్తాడు. చెల్లెలి చదువు తన ఉద్యోగం మీద ఆధారపడి ఉందని తెలిసినవాడు ముఖం కడుక్కుని మళ్లీ కూర్చుంటాడు.

ఈ వారం ఏం చేద్దాం?

ప్రియ పాఠకులారా! అజరయ్య జీవితం చదివి మెచ్చుకోవడానికి కాదు, ఆచరించడానికి. మా సంఘ యువతకు మేము చెప్పే నాలుగు మాటలే మీకూ చెబుతాం. ఒక నోటుపుస్తకం తీసుకోండి. అందులో పది లక్ష్యాలు కాదు, ఒక్కటే రాయండి. అది ఎవరి మేలు కోసమో దాని పక్కనే రాయండి. దాని కోసం ప్రతిరోజూ చేయగల చిన్న పని ఏదో, ఏ వేళకు చేస్తారో రాయండి. అరగంట చాలు, పిడికెడు చాలు. ఆ సంగతి మీ మేలు కోరే ఒక్కరికి చెప్పి, ప్రతి ఆదివారం అడగమనండి. శనివారం రాత్రి ప్రార్థనకు ముందు పుస్తకం తెరిచి, ఆ వారం చేసిన రోజులు, తప్పిన రోజులు దేవుని ఎదుట నిజాయితీగా లెక్క చూసుకోండి. తప్పిన రోజులకు ఏడవకండి, దాచకండి. సోమవారం మళ్లీ మొదలుపెట్టండి.

ఒక మాట మరవొద్దు. కృషి మనది, ఫలం ఆయనది. అజరయ్య ఎడ్లబండి కట్టుకుని దుమ్ము దారుల్లో తిరిగింది నిజం, రాత్రింబవళ్లు శ్రమించింది నిజం. కానీ యెహోవా సహాయం చేశాడన్నదే ఆయన పేరుకు అర్థం, జీవితానికీ అర్థం. మోకాళ్ల మీద మొదలుకాని లక్ష్యం గర్వానికో, నిరాశకో దారి తీస్తుంది. మోకాళ్ల మీదే ఆగిపోయి కాళ్ల మీద లేవని లక్ష్యం కలగానే మిగిలిపోతుంది. ప్రార్థించి లేచి, ఈ రోజు చేయవలసిన చిన్న పని ఈ రోజే చేద్దాం. ప్రభువు మీ చేతి పనిని స్థిరపరచునుగాక!